షూటింగని చెప్పాను

నేను వాగుడుకాయని. మా పాలెంలో ఎవరినడిగినా అదే చెబుతారు. "దీనికి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారే" అని నవ్వుతారు. మిరపతోటలో కాయలు కోసేటప్పుడు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నా నోరు మూతపడేది కాదు. అలాంటి నేను ఒక సంగతిని ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. కాయలు కూరిన టిక్కీ, అంటే గోనెబస్తా, నెత్తికెత్తుకున్నామనుకోండి, మెడ విరిగిపోతున్నా నడుస్తాం. ఫలానా చోట దించేస్తామని తెలుసు కాబట్టి నడుస్తాం. దీన్ని ఎక్కడ దించాలో నాకు తెలియలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటా. నా పేరు రాయను. మా పెద్దమ్మ పేరు రాస్తాను. ఆమె తప్పు చెయ్యలేదు కనక దాక్కోవాల్సిన పని ఆమెకి లేదు. అయినా సువార్తమ్మలు మా వైపు ప్రతి పాలెంలోనూ నలుగురుంటారు, ఏ సువార్తమ్మో మీరెలాగూ పోల్చుకోలేరు.

మా ఊరు ప్రత్తిపాడు దాటి లోపలికి వెళ్ళాలి. నల్లరేగడి. రైతులవి పత్తీ మిరపా. మా పాలెం వాళ్ళవి రెక్కలు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే వాళ్ళక్క సువార్తమ్మ నన్ను పెంచింది. ఆమెకి భర్త లేడు, పిల్లలు లేరు. తను కూలికి పోయి నన్ను బడికి పంపింది. తొమ్మిదో తరగతి తప్పాను. సిగ్గేసి మళ్ళీ వెళ్ళలేదు, నేనూ పొలాల్లోకే వచ్చాను. కానీ మా కూలి ముఠాలో పదహారుమంది ఆడవాళ్ళుంటే చదవడం వచ్చింది నాకొక్కదానికే. పురుగుమందు డబ్బా మీద ఏం రాసుందో, వచ్చిన నోటీసు ఎవరి పేరు మీదుందో, ఎదురుగా వస్తున్న బస్సు ఏ ఊరు పోతుందో నేనే చెప్పాలి. నేను ఏది చదివితే అదే అక్కడ ఉన్నట్టు. తప్పు చదువుతానేమోనని ఎవరూ ఒక్కనాడూ అనుకోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీకు తర్వాత జరిగింది అర్థం కాదు. మా ముఠాలో ఒక కట్టు ఉంది. ఏ రైతన్నా పనికి పిలవడానికి వస్తే బేరమంతా ఒక మనిషే మాట్లాడుతుంది. కుదిరిందనుకుంటే ఆ మనిషి చెయ్యెత్తుతుంది. వెంటనే మిగతా అందరూ ఎత్తుతారు. ఎందుకు, ఏమిటి అని అడగరు. ఒక్కరు దించినా ఎవ్వరూ పనిలోకి వెళ్ళరు. ఆ కట్టు వల్లే రైతులు మమ్మల్ని విడగొట్టలేకపోయేవాళ్ళు. నాకు నోరుంది కదా అని, పంతొమ్మిదేళ్ళ పిల్లనైనా సరే, ముందుగా చెయ్యెత్తే పని నాకే అప్పగించారు.

మా ముఠా వాళ్ళవే పద్నాలుగు కుటుంబాలకి ప్రభుత్వం ఎప్పుడో ఆడవాళ్ళ పేరు మీద తలా అరెకరం పట్టా ఇచ్చింది. రోడ్డు పక్కన మెరక నేల, రాళ్ళ నేల. పెద్దమ్మా నేనూ మూడు ఎండాకాలాలు ఆ రాళ్ళు ఏరి గట్టు మీద పోశాం. నాలుగో ఏడు మిరప నిలబడింది. ఒక మూల అందరం కలిసి కాయలు ఆరబోసే కళ్ళం చేసుకున్నాం. మాఘమాసంలో రోడ్డు మీద నుంచి చూస్తే ఆ కళ్ళం ఎర్రటి దుప్పట్లు పరిచినట్టుండేది.

ఆ ఎరుపు చూసే సినిమా వాళ్ళు వచ్చారు.

మొదటిసారి వచ్చింది నిజంగా షూటింగుకే. మద్రాసు నుంచి వ్యాన్లలో దిగారు. ఎండుమిరపకాయల మధ్య పాట. మమ్మల్ని వెనక కూర్చోబెట్టి రంగు పోయిన తాలుకాయలు ఏరమన్నారు, అంటే రోజూ చేసే పనే, కానీ నవ్వుతూ చెయ్యమన్నారు. ఆ ఘాటుకి హీరోయిన్ ఒక్క అడుగు వేసేది, నాలుగు తుమ్ములు తుమ్మేది. మేం పడీ పడీ నవ్వాం. చెయ్యెత్తమంటే ఎత్తాం, దించమంటే దించాం. సాయంత్రం పులిహోర పొట్లాలిచ్చి, పుస్తకంలో వేలిముద్రలు వేయించుకుని కూలి ఇచ్చారు. పులిహోర తింటూ మరియమ్మ అంది, "ఇదేం పనే, ఎండన పడి కాయలు కొయ్యకుండా నవ్వితే కూలి ఇస్తన్నారు, రోజూ వస్తే బాగుండు." మరియమ్మది మా పక్క గుడిసె. ఎవర్నీ వదిలిపెట్టదు, నాలిక అలాంటిది.

ఆ రోజే నేను వాళ్ళ మనుషుల మీద అరిచాను, మా కాయల మీద చెప్పులతో తొక్కుతున్నారని. అరుపు విని ఒకాయన వచ్చాడు. కంపెనీ మేనేజరట, తెల్లచొక్కా. తిడతాడనుకున్నాను. "నీ గొంతు భలే ఉందమ్మాయ్" అన్నాడు. తెర మీద బొమ్మ ఒకరిది, గొంతు ఇంకొకరిది ఉంటుందని, దాన్ని డబ్బింగంటారని, నా గొంతు మైకులో బ్రహ్మాండంగా పలుకుతుందని చెప్పాడు.

నవ్వకండి. నోరు మూసుకోవే అనడమే విన్నాను పుట్టినప్పటి నుంచీ. ఆ నోరే ఒక చదువన్నట్టు, ఒక ఆస్తి అన్నట్టు మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

మరుసటి నెలలో ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి కారులో, ఒక్కడే. తెలుగు సినిమా మద్రాసులో ఎన్నాళ్ళుంటుంది, మన సినిమా మన గడ్డ మీదికి రావాలని ప్రభుత్వం పట్టుదలగా ఉంది, స్టూడియో కట్టేవాళ్ళకి స్థలం ఇస్తుంది, అప్పు ఇప్పిస్తుంది, కరెంటు లైను వేయిస్తుంది అని చెప్పాడు. నిజమే చెప్పాడు, అప్పట్లో పేపర్లో కూడా అలాంటివి వచ్చేవి. మా మెరక ఆయనకి నచ్చింది. రోడ్డు పక్క, ఎత్తు నేల, వాన నీళ్ళు నిలవవు. కానీ పట్టా భూమి అమ్మకూడదు, కొనకూడదు. మేమే మా ఇష్టంతో ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేస్తే మాత్రం ప్రభుత్వం దాన్ని స్టూడియోకి ఇవ్వొచ్చు. అందుకు ఒక ఆఫీసరు గారు వచ్చి, పట్టాదారులందర్నీ నిలబెట్టి, అందరి ముందూ అడుగుతారు. అదీ సంగతి.

ఇదంతా ఆయన చెప్పింది నాకు. నా ఒక్కదానికి.

"వాళ్ళకిప్పుడు చెబితే బెదిరిపోతారమ్మా. భూమి అనగానే ఏడుపులు, గొడవలు. స్టూడియో లేస్తే ఇంటికొక ఉద్యోగం, కాగితంలోనే రాయిస్తున్నా. అప్పుడు నీకు దణ్ణాలు పెడతారు. ప్రస్తుతానికి షూటింగని చెప్పు. మళ్ళీ షూటింగుందంటే సంతోషంగా వస్తారు" అన్నాడు. వెళ్ళేముందు కారులోంచి తల బయటపెట్టి, "డబ్బింగ్ థియేటర్లో మొదటి గొంతు నీదే" అన్నాడు.

కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళాడు. చదివాను. "మేము మా భూములను స్వచ్ఛందంగా వదులుకొనుటకు" అని ఉంది. ఆ స్వచ్ఛందంగా అన్న మాటకి అప్పుడు నాకు సరిగ్గా అర్థం తెలియలేదని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు. వదులుకొనుటకు అన్నది ఎవరికి తెలియదు?

అయినా చెప్పాను. కళ్ళంలో తొడిమలు తీస్తుంటే చెప్పాను. "మళ్ళీ షూటింగంట! ఈసారి మనకి డైలాగులు కూడా ఉన్నాయంట!" అన్నాను. ఎంత సంతోషపడ్డారో. కథ కూడా నేనే అల్లాను, ఊరి జనం స్టూడియో కోసం భూములిచ్చే సీనని. నాకు కథలు అల్లడం ఎంత తేలికో చూడండి. పెద్దమ్మకి పెద్ద డైలాగిచ్చాను. చర్చిలో సాక్ష్యం చెప్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. దేవుడు తనకి చేసిన మేలు ఆదివారం ఆమె లేచి చెబుతుంటే పాస్టరు గారు కూడా కళ్ళు తుడుచుకునేవాడు. ఆ నోటితో నేను అప్పజెప్పించాను: "మా భూమి మా ఇష్టంతో ఇస్తన్నామయ్యా." మూడు రోజులు పొయ్యి దగ్గర, బావి దగ్గర అదే మాట వల్లించింది.

"నా పేరే చెప్పాలా, ఏదన్నా సినిమా పేరు పెట్టారా?" అని అడిగింది.

"నీ పేరే పెట్టారు పెద్దమ్మా. వాళ్ళకి నచ్చిందంట" అన్నాను.

సిగ్గుపడింది. క్రిస్మస్‌కి కట్టుకునే చీర తీసి గాలికి ఆరేసింది.

షూటింగన్న రోజు పొద్దున్నే మేనేజరు ఒక కెమెరా తెచ్చి మూడు కాళ్ళ మీద నిలబెట్టాడు. తర్వాత జీపు వచ్చింది. ఆఫీసరు గారు దిగారు, ఆయనతో ఇద్దరు గుమస్తాలు, గుంటూరు నుంచి ఒక ఫోటోగ్రాఫరు. ఆఫీసరు గారికి నడి వయసు. కళ్ళజోడు. పొలంలోకి వచ్చేముందు చెప్పులు విప్పి గట్టు మీద పెట్టారు, కళ్ళంలో కాయలున్నాయని. అది చూసినప్పుడైనా నేను ఆగి ఉండాల్సింది.

పెద్దమ్మ నా చెవిలో గుసగుసలాడింది. "ఈయన ఏ సినిమాలో చేశాడే? ఆఫీసరు వేషం అచ్చు దిగిపోయింది."

మరియమ్మ వెనక నుంచి, "కొత్తోడు అయ్యుంటాడులే, మొహాన రంగెయ్యలేదు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఇది కూడా దాచను.

ఆయన మమ్మల్ని కూర్చోమని, తను నిలబడే అడిగారు. "అమ్మా, మీరంతా ఇష్టపడే ఇస్తున్నారా? ఎవరన్నా బలవంతం చేశారా? భయపడకుండా చెప్పండి."

నేను చెయ్యెత్తాను. నా వెనక చేతులన్నీ లేచాయి. గాజుల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. పెద్దమ్మ లేచి తన డైలాగు చెప్పింది, ఎక్కడా తడబడకుండా.

అక్కడితో అయిపోవాలి. కాగితంలో అంతే ఉంది. కానీ ఆయన ఆగలేదు. పెద్దమ్మ దగ్గరికి వచ్చారు. "నీ పేరేంటమ్మా?"

"సువార్తమ్మండి."

"ఈ అరెకరం ఇచ్చేస్తే రేపట్నుంచి ఎట్లా బతుకుతావు సువార్తమ్మా?"

ఇది మేం వల్లించిన దాంట్లో లేదు. పెద్దమ్మ నా వంక చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. నేను అప్పుడు "పెద్దమ్మా, ఇది షూటింగు కాదు" అంటే చాలు. నాలుగు మాటలు. రోజుకి నాలుగు వేల మాటలు వాగేదాన్ని. ఏదో ఒకటి చెప్పు, కానియ్యి, అన్నట్టు తలాడించాను.

ఆమె తన రెండు చేతులూ ఆయన ముందు చాపింది.

"రాళ్ళేరీ ఏరీ నా చేతులు ఇట్టా అయినయ్ బాబూ. మా పిల్ల చేతులు ఇట్టా కాకూడదు. ఆ మేడ లేస్తే మా పిల్ల నీడపట్టున కూచ్చుని పని చేసుకుంటది. నాకింకేం కావాలి? తీసుకోండి బాబూ. సంతోషంగా తీసుకోండి." అని ఏడ్చింది. కన్నీళ్ళు కారాయి. ముఠా అంతా ఏడ్చింది. ఫోటోగ్రాఫరు కూడా ముక్కు తుడుచుకున్నాడు.

ఆ మాటలు నేను రాయలేదు. ఎవరూ రాయలేదు. మా పిల్ల అంటే నేనే కదా. అది నటనో, ఆమె మనసులో నా గురించి నిజంగా ఉన్న కోరికో, ఇంతవరకూ అడగలేదు. అడిగే మొహం లేదు. భూమి తీసుకోమనడం సీను కోసమే అన్నా, నా చేతుల మాట మాత్రం సీను కోసం కాదని నాకు తెలుసు.

ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"నువ్వు చదువుకున్న పిల్లలా ఉన్నావు. ఈ కాగితంలో ఉన్నదంతా వీళ్ళకి చదివి వినిపించావా?"

"వినిపించానండి."

"అర్థమయ్యేట్టు చెప్పావా?"

"చెప్పానండి."

వెనక నుంచి మరియమ్మ గొణిగింది. "అబ్బో, దీనికీ వేషం ఇచ్చారే!"

అంతే. అదీ నేను చేసింది. మిగతాదంతా మేనేజరు చేశాడనుకోవచ్చు, కాలం చేసిందనుకోవచ్చు. ఆ మంచి మనిషి రెండుసార్లు అడిగాడు. నాకు రెండు తలుపులు తీసి పట్టుకున్నాడు. రెండూ నేనే వేశాను.

తర్వాత పుస్తకంలో వేలిముద్రలు వేయించారు. మావాళ్ళు కూలికి అనుకుని గబగబా వేశారు. జీపు వెళ్ళిపోయాక మరియమ్మ అడిగింది, "కట్ అని అనలేదేందే? మొన్న ప్రతిదానికీ కట్ కట్ అన్నారు గదా."

"మీరంత బాగా చేస్తే ఇంకెందుకంటారు? ఒక్కసారికే ఓకే అయిపోయింది" అన్నాను.

పెద్దమ్మ ఆ సాయంత్రమంతా నేల మీద నడవలేదు.

ఎండాకాలం పోయి తొలకరి పడింది. దుక్కి దున్నడానికి వెళితే మెరక చుట్టూ రాతి స్తంభాలు, ముళ్ళకంచె. కాపలావాడు లోపలికి రానివ్వలేదు. "అది షూటింగు గదా బాబూ" అని మావాళ్ళు వాడికి చెబుతున్నారు. వాడు నవ్వుతున్నాడు. ఆఫీసుకి వెళ్ళాం. పాత ఆఫీసరు గారికి బదిలీ అయిపోయింది. గుమస్తా ఒకాయన ఫైలు తీసి ఫోటో చూపించాడు. చేతులెత్తి నవ్వుతున్న పదహారుమంది. ఇంకో ఫోటోలో చేతులు చాపి ఏడుస్తున్న పెద్దమ్మ. "ఇంత ఇష్టంగా ఇచ్చి ఇప్పుడు షూటింగంటారేంటమ్మా, ఏ సినిమా అది?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను బిగ్గరగా ఏడ్చాను. "నన్నూ మోసం చేశాడు పెద్దమ్మా! నాకూ షూటింగనే చెప్పాడు!" అన్నాను.

నమ్మారు. పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "ఊరుకో, చిన్నపిల్లవి, నీకేం తెలుసు" అంది. ముఠా మొత్తం నన్ను ఓదార్చింది. వాళ్ళ భూమి పోయిందని ఏడవడం మానేసి నన్ను ఓదార్చారు. ఆ రోజు నేను ఏడ్చింది దొంగ ఏడుపు కాదు, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను.

మోసం నాకూ జరిగింది. అది అబద్ధం కాదు. నాలుగు నెలలు చూసి, చర్చి పనని చెప్పి విజయవాడ వెళ్ళాను, ఆయన ఆఫీసుకి. ముందు "ఎవరమ్మా?" అన్నాడు. గుర్తు చేస్తే, "డబ్బింగా! ఈ యాసతోనా? హాల్లో జనం నవ్వుతారమ్మా" అన్నాడు. టీ తెప్పించాడు. తాగాను కూడా. బస్సులో వస్తూ ఉడికిపోయాను. వాడి మీద ఎవరికి చెప్పుకోను? చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. వాడికి ఆ విషయం ముందే తెలుసు. అందుకే అంత నింపాదిగా టీ తెప్పించాడు.

స్టూడియో లేవలేదు. పెద్ద గేటు కట్టారు, పైన ఆర్చి. లోపల పైకప్పు లేని ఒక షెడ్డు. ఆ నేల చూపించి ప్రభుత్వం దగ్గర తీసుకోవాల్సిన అప్పు తీసుకున్నారని, కంపెనీ మూతపడిందని, కోర్టులో ఉందని ఊళ్ళో అంటారు. ఇంటికొక ఉద్యోగం అన్నది కాగితంలో నిజంగానే ఉంది. స్టూడియో ఉంటే కదా ఉద్యోగం. మిరప నిలిచిన చోట ఇప్పుడు తుమ్మలు మొలిచాయి.

ఒక్కోసారి అనుకుంటాను. స్టూడియో నిజంగా లేచి, అందరికీ పనులొచ్చి ఉంటే నేను చేసింది తప్పు కాకుండా పోయేదా? చాలా రోజులు ఆ ప్రశ్నని పట్టుకుని వేలాడాను. దాంట్లో కొంచెం ఊరట ఉంది మరి. వాళ్ళ మంచికే అనుకున్నాను కదా అని. కానీ నిజం చెప్పండి, వాళ్ళ మంచి కోసమే అయితే వాళ్ళకి చెప్పడానికేం? మైకు ముందు నిలబడ్డ నన్ను నేను చూసుకుంటూ చెయ్యెత్తాను. మిగతావాళ్ళు నన్ను చూసి ఎత్తారు. స్టూడియో లేచి ఉంటే ఇంకా హాయిగా దాచుకునేదాన్ని, అంతే తేడా.

ఇంతవరకు రాసినదాని కన్నా రాయాల్సింది కష్టంగా ఉంది.

భూమి పోయినవాళ్ళకి ఎవరో ఒకరి మీద కోపం కావాలి. మేనేజరు దొరకడు. ఆఫీసరు దొరకడు. నన్ను చిన్నపిల్లని వదిలేశారు. పెద్దమ్మ దొరికింది. మొదలుపెట్టింది మరియమ్మే. "నువ్వంత ఏడవకపోతే ఆయన నమ్మేవాడా? మేం ఊరికే చెయ్యెత్తాం. నువ్వు చేతులు చాపి మరీ ఇచ్చావు గదా హీరోయినమ్మా!" అంది కుళాయి దగ్గర. ఆ పేరు అతుక్కుపోయింది. హీరోయినమ్మా కూలికొస్తన్నావా? హీరోయినమ్మా, కాసిని కన్నీళ్ళు అప్పివ్వు. మొదట్లో పెద్దమ్మ నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. తర్వాత నమ్మేసింది. తన ఏడుపు వల్లే పద్నాలుగు ఇళ్ళ భూమి పోయిందని నమ్మేసింది.

నేను పక్కనే ఉన్నాను. వింటూ ఉన్నాను. అడ్డం పడి తిట్టేదాన్ని కూడా, "మా పెద్దమ్మని అంటారా" అని గయ్యిమనేదాన్ని. దానికి నన్ను మెచ్చుకునేవాళ్ళు. పెద్దమ్మని ఎంత ప్రేమగా చూసుకుంటుందో అని.

మీకు అర్థమైందా? భూమి పోగొట్టడం నా మొదటి తప్పు. దానికి ఆశ కారణం, వయసు కారణం అని ఎవరైనా అనొచ్చు. ఈ రెండోదానికి ఏ కారణమూ లేదు. ఆరేళ్ళు, ప్రతిరోజూ, కళ్ళు తెరిచి ఉండి చేశాను.

ఆ మాటలు పడలేక ఊరు వదిలేశాం. ఇప్పుడు వేటపాలెంలో జీడిపప్పు బట్టీలో పని చేస్తున్నాం ఇద్దరం. చేతులకి ఆముదం రాసుకుని కాల్చిన పిక్కలు కొట్టాలి. ఎంత రాసుకున్నా జీడి అంటుకుని చర్మం పొక్కిపోతుంది. నీడపట్టున పని కావాలని ఆమె కోరుకుంది కదా. ఇది నీడపట్టునే. నా చేతులూ ఆమె చేతుల్లాగే అయ్యాయి.

ఇక్కడి చర్చిలో మమ్మల్నెవరూ ఎరగరు. హీరోయినమ్మ అని ఎవరూ పిలవరు. అయినా పెద్దమ్మ సాక్ష్యం చెప్పడం మానేసింది. వెనక బెంచీలో కూర్చుని పాట కూడా పెదాలతోనే పాడుతుంది. ఈ రోజు పొద్దున ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకుని, "స్త్రీల కూటంలో మీరొకసారి సాక్ష్యం చెప్పండి సువార్తమ్మ గారూ, పెద్దవారు" అని అడిగింది.

పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకొద్దమ్మా. ఈ నోటితో ఒకసారి అబద్ధం ఆడాను. పద్నాలుగు కొంపలు ఆరిపోయినయ్. ఇంక ఈ నోటితో దేవుడి సంగతి చెబితే ఆయన ఊరుకోడు" అంది.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. నా బైబిలు, ఆమె బైబిలు రెండూ నా చేతిలోనే ఉన్నాయి. ఆమెకి చదవడం రాదు, అయినా తన బైబిలు తను తెచ్చుకుంటుంది. చెప్పెయ్యాలనుకున్నాను. నోరు తెరిచాను. "ఎండగా ఉంది, పోదాం పా పెద్దమ్మా" అన్నాను.

ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చుని రాస్తున్నాను. ఇదంతా ఒక్క బిగిన రాశాను. తప్పులుంటే దిద్దుకోండి. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆమె చేతుల్లో ఉందేమో. లేదా ఆమె చేతుల్లో కూడా లేదేమో, మిగతా పదమూడు ఇళ్ళు ఉన్నాయి కదా, మరియమ్మ కూడా ఉంది. మరియమ్మ నాలిక చెడ్డదే కానీ ఆమెకీ అరెకరం పోయింది. రాసినంత మాత్రాన ఏమీ తగ్గదనే అనుకున్నాను. కానీ ఇందాక "వినిపించానండి" అన్న మాట కాగితం మీద పెట్టాక ఊపిరి కాస్త లోపలిదాకా పోయింది. సిగ్గులేనిదాన్ని కాబోలు.

పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని వేళ్ళకి వెన్న రాసుకుంటోంది. ఇప్పుడే ఇటు తిరిగింది.

"ఏందే వచ్చినప్పట్నుంచీ ఆ రాత? ఎవురికి ఉత్తరం?"

ఇంతసేపూ మీకు రాస్తున్నాననుకున్నాను.

"నీకే పెద్దమ్మా" అన్నాను.

నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. "నాకా? నాకు చదువొచ్చా ఏందే, పిచ్చి మొహమా!"

ఆమె వేళ్ళు తుడుచుకుంది. కొంగు సర్దుకుని, గుమ్మంలోంచి లేచి వచ్చి, నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"సరే, చదువు" అంటోంది.